అల్లుడూ, వేడి మీద మూత ముట్టుకోవద్దు

ఒరే అల్లుడూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అలిపిరి చెకింగ్ క్యూలో నిలబడితే బండిలో ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోతా ఉందంట, రేణిగుంట రోడ్డెక్కితే దానంతటదే దిగుతా ఉందంట, ఆదివారం నువ్వే బానెట్ ఎత్తి చూస్తానన్నావంట. సంతోషం రా. మనింట్లో ఇంకా స్పానర్ పట్టే పిల్లోడు ఉన్నాడని గర్వంగా ఉంది. భయమూ ఉంది, అందుకే ఈ ఉత్తరం.

ముందు మూత సంగతి. ఇంజను వేడిగా ఉంటే రేడియేటర్ మూత గానీ, ఒత్తిడి పట్టే కూలెంట్ డబ్బా మూత గానీ తిప్పొద్దు. లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండేది ముఖ్యంగా ఆ మూత ఆపిన ఒత్తిడి వల్ల. మామూలు మూతలు 0.9 నుంచి 1.1 బార్ దాకా ఆపుతాయి. నువ్వు వదులు చేసిన క్షణాన ఒత్తిడి పడిపోయి, నీళ్లు ఒక్కసారిగా మరిగి మొహం మీదికి లేస్తాయి. తడిగుడ్డ వేసి తిప్పితే ఏమీ కాదంటారు, వినొద్దు. పై హోసు పైపు పూర్తిగా చల్లారి, నొక్కితే మెత్తగా ఉండాలి. గంట పడితే పట్టనీ.

ఇక రోగం. నడుస్తా ఉంటే చల్లగా, నిలబడితే వేడిగా అంటే ముందు గాలినే అనుమానించు. బండి పోతా ఉంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది. నిలబడ్డాక ఆ పని మొత్తం ఫ్యానుదే. వెనకటి అంబాసిడర్లలో ఫ్యాను ఇంజను బెల్టుకే తిరిగేది. ఇంజను నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదించేది. అందుకే ఎండాకాలం ఘాట్ రోడ్డు పక్కన బానెట్లెత్తి, నీళ్ల క్యాన్లు పెట్టుకుని కూర్చునేవాళ్లు. నీ బండిది కరెంటు ఫ్యాను, కాబట్టి వెతకాల్సింది కరెంటు దారిలో.

బండి స్టార్ట్ చేసి ఏసీ వెయ్యి. చాలా బండ్లలో ఫ్యాను వెంటనే తిరగాలి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే మోటారు మంచిదే, వేడి కనిపెట్టే సెన్సారో దాని వైరో పోయి ఉండొచ్చు. దేనికీ తిరక్కపోతే ఫ్యూజు చూడు, తర్వాత ఫ్యానుకి కరెంటు వదిలే చిన్న స్విచ్చు డబ్బీ, అదే రిలే, దాన్ని అదే నంబరున్న ఇంకోదానితో మార్చి చూడు. అప్పటికీ కదలకపోతే మోటారు ప్లగ్ ఊడదీసి, ఫ్యూజున్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులివ్వు. ప్లగ్ ఊడదీసినప్పుడు లోపలి పిన్నులు బాగా చూడు. తెల్ల ప్లాస్టిక్ ఒక పిన్ను చుట్టూ గోధుమరంగుకి మాడి, కరిగి ఉంటే దొంగ దొరికినట్టే. పిన్ను వదులై వేడెక్కి మోటారుకి సగం కరెంటే పోతా ఉంటుంది. వేడి మీద ఆగిపోయిన మోటారు స్క్రూడ్రైవర్ పిడితో తట్టగానే తిరిగితే బ్రష్షులు అరిగిపోయాయి, మోటారు మార్చు. తట్టేటప్పుడు పిడి గానీ చెయ్యి గానీ రెక్కల వైపు పోనియ్యొద్దు.

తిరగడం ఒకటే చాలదు. పేపరు ముక్క ఒకటి ముందు జాలీ దగ్గర పెట్టు. అంటుకోవాలి. ఎగిరిపోతే ఎవరో వైర్లు తారుమారు చేశారు, ఫ్యాను ఉల్టా తిరుగుతా ఉంది.

ఇంజను ఆపినా ఫ్యాను ఉన్నట్టుండి తిరగొచ్చు. రెక్కల దగ్గర చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్. మెడలో తువ్వాలుతో బానెట్ కింద తల పెట్టావంటే ఊరుకోను, మీ అమ్మ ప్రాణం నీమీదే ఉంది.

రేడియేటర్ ముందు ఏసీ జాలీ ఉంటుంది, కండెన్సర్ అంటారు; ఆ రెండింటి మధ్య సందులో టార్చి వేసి చూడు. దుమ్ము, పురుగులు మందంగా పేరుకుంటాయి. ఇంజను వైపు నుంచి బయటికి, మెత్తటి ధారతో కడుగు. సర్వీస్ గన్ను దగ్గరగా కొడితే రేడియేటర్ సన్న రేకులు వంగి దారి ఇంకా మూసుకుపోతుంది.

మన మెకానిక్ లైన్లో పాత తప్పు ఒకటుంది, అది నువ్వు చెయ్యకూడదు. బండి వేడెక్కుతుందనగానే థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. “మన ఎండలకి ఇదెందుకు సార్” అంటారు. కొన్నాళ్లు ముల్లు దిగినట్టే ఉంటుంది, నమ్మకం కుదురుతుంది. ఆ వాల్వు లోపల మైనం ఉంటుంది. వేడికి అది కరిగి ఉబ్బి కడ్డీని తోస్తేనే రేడియేటర్ దారి తెరుచుకుంటుంది. వాల్వు లేకపోతే హైవే మీద ఇంజను సరిగ్గా కాగదు. బండిలోని కంప్యూటర్ ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పోతుంది, ఆయిల్లో మడ్డి కడుతుంది. ఇంకో ఘోరం చెప్తాను. కొన్ని వాల్వులకి అడుగున రెండో పళ్లెం ఉంటుంది, అసలు దారి తెరిచేటప్పుడు అది బైపాస్‌ని, అంటే రేడియేటర్‌కి పోని పక్కదారిని, మూస్తుంది. అది లేకపోతే కాగిన నీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్లోకి తిరిగొస్తాయి. అంటే వేడికి మందని చేసిందే వేడి పెంచుతుంది. పైగా మూసుకునే ఇరుక్కున్న వాల్వయితే రోడ్డు మీద కూడా వేడెక్కించాలి. నీ బండి రోడ్డు మీద చల్లగా ఉంది కాబట్టి వాల్వు పాపం ఏమీ ఎరగదు. అనుమానం తీరకపోతే విప్పి, దారంతో గిన్నె నీళ్లలో వేలాడదీసి, అడుగు తగలకుండా కాచు. దాని మీద 82 అని ఉంటే థర్మామీటరు దాదాపు అక్కడికి రాగానే నోరు తెరవడం మొదలవ్వాలి. తెరవకపోతే కొత్తది అదే నంబరు వెయ్యి. ఖాళీగా మాత్రం వదలొద్దు.

నీళ్లు తగ్గి ఉంటే బోరు నీళ్లు పొయ్యొద్దు, మన బోర్లలో ఉప్పు పేరుకుని సన్నగొట్టాలు మూసుకుపోతాయి. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగంసగం. బండి ముక్కు ఎత్తు వైపు పెట్టి, హీటర్ ఫుల్లుగా తిప్పి, చల్లటి ఇంజను మీద నెమ్మదిగా పొయ్యి, లేకపోతే గాలి ఇరుక్కుంటుంది. మూత పెట్టి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపి, చల్లారాక మళ్లీ మట్టం చూడు.

చల్లటి బండి స్టార్ట్ చేసిన నిమిషానికే పై పైపు రాయిలా గట్టిపడినా, డబ్బాలో బుడగలు ఆగకుండా వచ్చినా, ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి నురగ కనిపించినా అక్కడే ఆపెయ్. అది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజను పైభాగం (హెడ్డు) కింద ఉండే సీలు, పోయిన గుర్తు కావొచ్చు, ఇంటి పని కాదు. అల్యూమినియం హెడ్డు వంకరపోయే దాకా నడపొద్దు.

అన్నీ బాగై కొండకి పోతే దారిలో ముల్లు లేచినప్పుడు ఏసీ ఆపు, హీటర్ ఫుల్లుగా వెయ్యి, పక్కకి తీసి నిలుపు. ఆవిరొస్తా ఉన్నా, ఫ్యాను తిరక్కపోయినా ఇంజను ఆపెయ్. పిల్లల్ని బండి దించి గోడ వైపు నిలబెట్టు. చన్నీళ్లు ఇంజను మీద కుమ్మరించొద్దు.

ఆదివారం పొద్దున, ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టు. ఆ ప్లగ్ ఊడదీశాక ఫోటో పంపు, ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.

మీ మామ