ఫారడే నియమానికి సమీకరణం రాసింది ఎవరు?

ప్రశ్న: విద్యుదయస్కాంత ప్రేరణకు సంబంధించిన ఫారడే నియమాన్ని మేము సమీకరణ రూపంలోనే నేర్చుకున్నాం. మైఖేల్ ఫారడే బడిచదువు చాలా తక్కువని, గణితం ఆయనకు దాదాపు రాదని ఈమధ్య చదివాను. గణితం రాని వ్యక్తి ఆ సమీకరణాన్ని ఎలా రాయగలిగాడు?
— ఇంటర్మీడియట్ విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: మీరు చదివింది నిజమే, మీ సందేహమూ సరైనదే. ఆ సమీకరణాన్ని ఫారడే రాయలేదు. ఆయన పరిశోధన పత్రాల నిండా ప్రయోగాల వర్ణనలు, పరికరాల బొమ్మలు, వాటి ఆధారంగా ఆయన చేసిన నిర్ధారణలు ఉంటాయే తప్ప సమీకరణాలు ఉండవు. అయస్కాంత ప్రభావం మారినప్పుడు తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని ఆయన మాటల్లో చెప్పిన నియమానికి గణితరూపం ఇచ్చినవారు వేరే ఉన్నారు: 1845లో జర్మనీకి చెందిన ఫ్రాంజ్ నాయ్‌మాన్, ఆ తరవాత మరింత విస్తృతంగా జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గరి న్యూయింగ్టన్ బట్స్‌లో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. పద్నాలుగో ఏట జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర బైండింగ్ పని నేర్చుకోవడానికి చేరి ఏడేళ్ళు పనిచేశాడు. దుకాణంలో చేతికందిన పుస్తకాలే ఆయనకు చదువు చెప్పాయి; బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలోని విద్యుత్తు వ్యాసం, జేన్ మార్సెట్ రాసిన రసాయనశాస్త్ర గ్రంథం ఆయనను విజ్ఞానశాస్త్రం వైపు తిప్పాయి. 1812లో ప్రసిద్ధ రసాయనశాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును స్వయంగా బైండు చేసి డేవీకే పంపాడు. మరుసటి ఏడు మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. ఈ కథ చాలామందికి తెలిసిందే కాబట్టి అసలు విషయానికి వస్తాను.

విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఎర్‌స్టెడ్ చూపించాడు. విద్యుత్తు అయస్కాంతత్వాన్ని పుట్టించగలిగితే, అయస్కాంతత్వం నుంచి విద్యుత్తును పుట్టించలేమా అన్న ప్రశ్న వెంటనే ఐరోపా అంతటా బయలుదేరింది. దానికి జవాబు దొరకడానికి పదకొండేళ్ళు పట్టింది. అయస్కాంతం పక్కన తీగచుట్ట ఉంచితే చాలు, అందులో విద్యుత్తు నిలకడగా ప్రవహిస్తూ ఉంటుందని అందరూ ఎదురుచూడటమే ఈ ఆలస్యానికి ముఖ్య కారణమని నా అభిప్రాయం. జెనీవాలో కొలడన్ అనే శాస్త్రవేత్త 1825లో సరైన ప్రయోగమే చేశాడు. కానీ అయస్కాంత ప్రభావం నేరుగా పడకూడదని విద్యుత్తు ప్రవాహాన్ని ముల్లు కదలికతో చూపే గాల్వనోమీటరును పక్క గదిలో పెట్టి, తీగచుట్టలో అయస్కాంతాన్ని ఉంచి, ఆ గదిలోకి నడిచి వెళ్ళి చూసేసరికి ముల్లు మళ్ళీ నిశ్చలంగా నిలిచి ఉంది.

ఫారడే 1831 ఆగస్టు 29న సుమారు ఆరు అంగుళాల వ్యాసం ఉన్న మెత్తని ఇనుప కడియానికి రెండు వైపులా విడివిడిగా రాగి తీగ చుట్టాడు. తీగ వరసలు ఒకదానికొకటి తగలకుండా మధ్యమధ్య పురికోసను, గుడ్డను పెట్టాడు. ఒక వైపు చుట్టను బ్యాటరీకి కలిపాడు. రెండో వైపు చుట్ట కొసలను కలిపే తీగను కడియానికి మూడడుగుల దూరంలో ఉన్న అయస్కాంతపు ముల్లు మీదుగా పోనిచ్చాడు. బ్యాటరీ కలిపిన క్షణంలో ముల్లు ఊగి, తిరిగి మొదటి స్థితికి వచ్చేసింది. బ్యాటరీ తీసేసిన క్షణంలో మళ్ళీ కదిలింది. మధ్యలో, విద్యుత్తు నిలకడగా పారుతున్నంతసేపు, ఏమీ లేదు. ఆ క్షణికమైన కదలికను పరికరంలోని లోపంగా తోసిపుచ్చకుండా అసలు ఫలితం అదేనని గుర్తించడంలోనే ఫారడే ప్రతిభ అంతా ఉంది. అయస్కాంతత్వం ఉండటం వల్ల కాక, అది మారడం వల్లే విద్యుత్తు పుడుతుంది.

అక్టోబరు 17న ఆయన బ్యాటరీ అవసరమే లేకుండా, బోలు తీగచుట్టలోకి కడ్డీ అయస్కాంతాన్ని తోసి, బయటికి లాగి అదే ఫలితం చూశాడు. అక్టోబరు 28న రాయల్ సొసైటీ వారి పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య రాగి పళ్ళేన్ని తిప్పి ఎడతెగని ప్రవాహాన్ని రాబట్టాడు. నేటి జనరేటర్లన్నింటికీ మొదటి రూపం అదే. నవంబరు 24న ఆ ఫలితాలు రాయల్ సొసైటీలో చదివారు.

ఇక గణితం సంగతి. అయస్కాంతం చుట్టూ ఇనుప రజను ఏర్పరిచే వంపు గీతలను ఫారడే కేవలం బొమ్మగా చూడలేదు. వాహకం ఈ బలరేఖలను ఖండించినప్పుడు విద్యుత్తు పుడుతుందని, ఎన్ని రేఖలను ఖండిస్తే దానికి తగినంత పుడుతుందని ఆయన చెప్పాడు. రెండు వస్తువుల మధ్యనున్న ఖాళీ జాగా నిజానికి ఖాళీ కాదు, బలం అక్కడే వ్యాపించి ఉంటుందన్న ఈ ఊహ ఆనాటి గణితవేత్తలకు మింగుడుపడలేదు. దూరాన్నీ బలాన్నీ సూత్రాల్లో పెట్టి లెక్కించడానికి అలవాటుపడిన వారికి మధ్యలో ఏముందన్న ప్రశ్న తట్టకపోవడం సహజమే. ఆ అలవాటు లేకపోవడం ఫారడేకు మేలే చేసిందని నేను నమ్ముతున్నాను.

యువకుడైన మాక్స్‌వెల్ ఈ బలరేఖల మీద గణిత వ్యాసం రాసి పంపినప్పుడు, అంత గణితబలం చూసి మొదట దాదాపు భయపడ్డానని, తన విషయం దానికి తట్టుకుని నిలిచినందుకు ఆశ్చర్యపోయానని 1857లో ఫారడే జవాబు రాశాడు. గణితవేత్తలు తమ ఫలితాలను మామూలు భాషలో కూడా చెబితే తనవంటివారు ప్రయోగాలు చేసి చూడగలరని అదే ఏడాది మరో ఉత్తరంలో కోరాడు. మాక్స్‌వెల్ 1873లో ప్రచురించిన తన గ్రంథం పీఠికలో, ఫారడే ఆలోచనా పద్ధతి కూడా గణితపద్ధతేనని, సంకేతాల రూపంలో మాత్రమే లేదని స్పష్టంగా రాశాడు. మీ ప్రశ్నకు ఇంతకంటే సాధికారమైన సమాధానం నాకు కనిపించలేదు.

ప్రశ్న: ప్రేరణను ఫారడే కంటే ముందే అమెరికాలో జోసెఫ్ హెన్రీ కనిపెట్టాడంటారు. నిజమేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: ఆల్బనీలో అధ్యాపకుడిగా ఉన్న హెన్రీ స్వతంత్రంగానే ఈ ఫలితానికి చేరుకున్నాడు, కానీ ఆయన వ్యాసం 1832లో, ఫారడే ఫలితాలు వెల్లడైన తరవాతే అచ్చయింది. అయితే ఆ వ్యాసంలోనే హెన్రీ స్వయంప్రేరణను, అంటే ఒకే చుట్టలో ప్రవాహం ఆగినప్పుడు అదే చుట్టలో ప్రేరణ పుట్టడాన్ని, వర్ణించాడు. ఫారడే దాన్ని 1834లో గాని గమనించలేదు. అందుచేత ప్రేరకత్వాన్ని, అంటే చుట్టకు ఇలా ప్రేరణ పుట్టించే సామర్థ్యాన్ని, కొలిచే ప్రమాణానికి హెన్రీ అని పేరు పెట్టడం న్యాయమే.