ఏడాదికి మూడు నాటకాలు వేయాలంటే ముందు పంచాంగం తీయండి

మీ ప్రశ్న: పది మంది ఉన్న చిన్న నాటక సమాజం, పరిషత్తులు (నాటక పోటీలు పెట్టే సంస్థలు) జరిపే పోటీలతో పాటు సొంత ఊళ్లోనూ ఏడాదికి మూడు నాటికలు వేయాలనుకుంటోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరూ స్క్రిప్టుతో మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే వస్తుంది. మీ చేతిలో లేనివి రెండు: హాలు, నటీమణుల డేట్లు. ముందు వాటిని పట్టుకుంటే నాటిక తర్వాతైనా దొరుకుతుంది.

పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో హాలు దొరకడం కష్టం. దొరికినా లైట్ల వాళ్లు, సౌండు వాళ్లు, చివరికి ప్రేక్షకులూ పెళ్లిళ్లలోనే ఉంటారు. అందుకే ముహూర్తాలు లేని మూడు కాలాలు చూసుకోండి: ఆషాఢం, వినాయక నిమజ్జనాలయ్యాక వచ్చే మహాలయ పక్షాలు, ధనుర్మాసం. మూఢాలు పడితే అవీ కలిసొస్తాయి. మొదటి రెండింటి మధ్య దాదాపు పది వారాలు, తర్వాత పన్నెండు వారాల దాకా వ్యవధి దొరుకుతుంది. ఒక నాటిక తయారవడానికి అది చాలు. హైదరాబాద్‌లో అయితే ఆషాఢ ఆదివారాలు బోనాలకు పోతాయి కాబట్టి శనివారం పెట్టుకోండి. కార్తీక ఆదివారాల జోలికి అసలు వెళ్లొద్దు, జనమంతా వనభోజనాల్లో ఉంటారు. సంక్రాంతి తర్వాత పరిషత్తులు ఊపందుకుంటాయి. మూడింటిలో బాగా పండిన నాటికను అప్పుడు పోటీలకు పట్టుకెళ్లొచ్చు.

నటీమణులు మూడు నాలుగు సమాజాలకు పనిచేస్తుంటారు. డేట్లు నోటిమాటగా కాకుండా ప్రదర్శనతో పాటు చివరి మూడు రిహార్సల్స్‌ను కూడా రాసి ఖాయం చేసుకోండి. స్త్రీ పాత్రలు ఒకటి రెండు మించని, మొత్తం ఐదారు పాత్రలున్న నాటికలు ఎంచుకుంటే, పది మందిలో మిగిలిన వాళ్లు సెట్టు, మ్యూజిక్, ప్రాంప్టింగ్ చూసుకోగలరు.

హక్కుల సంగతి చాలామంది పట్టించుకోరు. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు కాబట్టి కన్యాశుల్కం ఎవరైనా వేయొచ్చు. ఆత్రేయ 1989లో పోయారు, ఆయన నాటకాలకు 2049 చివరి దాకా అనుమతి కావాలి. ఔత్సాహిక సమాజం డబ్బు తీసుకోకుండా ప్రదర్శిస్తే చట్టంలో మినహాయింపు ఉంది. కానీ ‘డోనర్ పాసు’ పేరుతో డబ్బు తీసుకుంటే అది ఉచిత ప్రదర్శన అని వాదించడం కష్టం. రచయితకు ఫోన్ చేసి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడమే మర్యాద, క్షేమం కూడా. టికెట్ పెడితే మనిషికి 500 రూపాయలు దాటనంతవరకు నాటక ప్రవేశానికి జీఎస్టీ లేదు.

రిహార్సల్ లెక్క ప్రదర్శన తేదీ నుంచి వెనక్కి వేసుకోండి. 50 నిమిషాల నాటికకు రెండేసి గంటల చొప్పున 25 సిట్టింగులు కావాలి: చదువుకు 5, మూమెంట్స్‌కు (స్టేజి మీద కదలికలకు) 12, ఆపకుండా నడపడానికి 5, సెట్టు, లైటింగు, మ్యూజిక్‌లతో 3. పదో సిట్టింగు నాటికి చేతిలో స్క్రిప్టు ఉండకూడదు. ఒక చేయి కాగితాలకే అంకితమైతే మూమెంట్ కుదరదు, తర్వాత కాగితం వదిలాక ఆ చేయి ఎక్కడ పెట్టుకోవాలో నటుడికి తెలియదు. ఇంకొకటి, కూర్చుని చదివితే 40 నిమిషాలు వచ్చిన నాటిక స్టేజి మీద 50 దాకా పోతుంది. పోటీల్లో సమయం లెక్కలోకి వస్తుంది కాబట్టి, పరిషత్తుకు వెళ్లే ఉద్దేశం ఉంటే మొదటి చదువు నాడే గడియారం పెట్టండి.

మూడు నాటికలకూ సెట్టు ఒక్కటే చేయించండి. అంగుళం మందం, రెండు అంగుళాల వెడల్పు కర్రతో చేసిన ఫ్రేముకు గాడా (ముతక నూలు) గుడ్డ బిగించిన 8 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు ఫ్లాట్లు (గోడల్లా నిలబెట్టే పలకలు) ఆరు, ఒక గుమ్మం, ఒక కిటికీ, 18 అంగుళాల చెక్క పెట్టెలు నాలుగు. డిస్టెంపర్‌లో కొంచెం ఫెవికాల్ కలిపితే రంగు రాలదు. ప్రతి నాటికకూ రంగు మార్చి, గుమ్మం జాగా మార్చితే సరిపోతుంది. టాటా ఏస్ తొట్టి పొడవు సుమారు 7 అడుగులే, 8 అడుగుల ఫ్లాటు బయటికి పొడుచుకొస్తుంది. అందుకే ఫ్లాటు నడుముకు మడత బందులు వేయించండి. మడత విప్పాక వెనక నిలువు పట్టీ బిగించకపోతే తలుపు వేసిన ప్రతిసారీ గోడ ఊగుతుంది, ప్రేక్షకులు నవ్వుతారు. వెనక ఆసరా కర్రల మీద ఇసుక బస్తాలు పెట్టండి.

కరెంటు దగ్గర మాత్రం మొహమాటపడకండి. వెయ్యి వాట్ల లైట్లు పన్నెండు వేస్తే 12 కిలోవాట్లు. ఒకే ఫేజ్ మీద అది 52 ఆంపియర్లు. గోడకున్న 15 ఆంపియర్ల సాకెట్ మూడు లైట్లకు మించి మోయదు. లోడును మూడు ఫేజుల మీద పంచండి. జనరేటర్ 20 కేవీఏకి తగ్గకూడదు. 15 కేవీఏ అంటే లెక్కకు సరిగ్గా 12 కిలోవాట్లే, సౌండుకు ఏమీ మిగలదు. మైకుల సిస్టమ్‌ను డిమ్మర్ ఉన్న ఫేజ్ మీద పెట్టొద్దు, లైటు తగ్గించినప్పుడల్లా స్పీకర్లలో ‘గుయ్’ మంటుంది. మైకు వైరు కరెంటు వైరు పక్కనే నడవకూడదు, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. స్పీకర్లు మైకుల వరుసకు ముందుండాలి, లేకపోతే కూత పెడతాయి. చెక్క స్టేజి అయితే నేల మైకుల కింద రెండు అంగుళాల స్పాంజి పెట్టండి, అడుగుల చప్పుడు తగ్గుతుంది. హాలోజన్ లైటుకీ కర్టెన్‌కీ మధ్య కనీసం మీటరు దూరం ఉంచండి.

హాలు రసీదు తీసుకునేటప్పుడు రద్దు నిబంధన చదవండి. ప్రభుత్వ కార్యక్రమం పడితే మీ బుకింగు రద్దు చేసే షరతు ఉంటే, ఆ వారంలోనే రెండో తేదీ కూడా రాయించుకుని, లైట్ల వాళ్లకూ నటీమణులకూ ఆ తేదీ కూడా ముందే చెప్పి ఉంచండి.