క్రైస్తవులకు ధర్నాలు ఎందుకు అని అడిగేవారికి, విశాఖ నుంచి నా జవాబు

సంఘంలో పెద్దలేమో "మన పని సువార్త చెప్పడం, ధర్నాలు మనకెందుకు" అంటున్నారు, వార్తలు చూస్తే ఏదీ మారేలా లేదు, మరి క్రైస్తవుడిగా దేని మీద ఆశ పెట్టుకోవాలి అని మీరు అడిగారు. నేను విశాఖలోనే పుట్టి పెరిగాను. వేదాంతం చదువుకోలేదు. ఇక్కడ ఒక చిన్న సంఘంలో సభ్యుణ్ని. మాలో ఎక్కువ కుటుంబాలు పారిశుధ్య కార్మికులవే. నాకు తెలిసింది వాళ్ల దగ్గర చూసిందే.

ముందు పెద్దల మాట. లూకా సువార్త 18వ అధ్యాయం తీయండి. విసుగు చెందకుండా ఎప్పుడూ ప్రార్థన చేయాలని నేర్పడానికి యేసు అక్కడ ఒక కథ చెప్పాడు. ఆ కథలో దేవాలయం లేదు, మోకరించిన మనిషి లేడు. దేవుడంటే భయం లేని, మనుషులంటే లెక్కలేని ఒక న్యాయాధిపతి ఉన్నాడు. తనకు న్యాయం చేయమని అతని చుట్టూ తిరిగే ఒక విధవరాలు ఉంది. ఆమె పోరు పడలేకే అతను చివరికి తీర్పు ఇస్తాడు. ప్రార్థన ఎలా ఉండాలో చెప్పడానికి ప్రభువుకు గుర్తొచ్చింది న్యాయం కోసం తిరిగి తిరిగి అలసిపోని ఆడమనిషి. ఈ భాగం మీద చాలా ప్రసంగాలు విన్నాను. పట్టుదలగా ప్రార్థించమని అందరూ చెప్పారు, మంచిదే. ఆమె ఏమడిగింది, ఎవరిని అడిగింది అన్న దగ్గర మాత్రం ఒక్కరూ ఆగలేదు. అది చిన్న లోటేమీ కాదని నా అభిప్రాయం.

మా సంఘంలో ఒక అక్క ఉంది. రోడ్లు ఊడ్చే పని. ఆమె భర్త కాంట్రాక్టు కింద కాలవలు తీసేవాడు, పనిలో ఉండగానే జబ్బు చేసి చనిపోయాడు. అందరం వెళ్లాం, పాటలు పాడాం, జ్ఞాపకార్థ కూడిక పెట్టాం, కానుక పోగుచేసి చేతిలో పెట్టాం. మామూలుగా అయితే సంఘం పని అక్కడితో ముగుస్తుంది. కానీ మాలో ఒక రిటైరైన గుమాస్తా ఉన్నారు. ఆయన ఆ అక్కని "అమ్మా, మీ ఆయనకి పీఎఫ్ కట్టయ్యేదా?" అని అడిగారు. తెలీదంది. తర్వాతి ఆదివారం ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక క్యారీబ్యాగులో వేసి పట్టుకొచ్చింది.

పీఎఫ్ ఉంది. పీఎఫ్ ఉన్న ప్రతి కార్మికుడికీ దాంతోపాటే ఒక బీమా కూడా ఉంటుందని, దానికి కార్మికుడి జీతంలోంచి పైసా కోయరని నాకు అప్పుడే తెలిసింది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే, అంతకుముందు ఏడాది పాటు విడవకుండా పనిచేసి ఉంటే, ఆ బీమా కింద కనీసం 2.5 లక్షలు, గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు కుటుంబానికి రావాలి. భార్యకు నెలనెలా పింఛను వేరు. ఈ సంగతి బస్తీలో దాదాపు ఎవరికీ తెలీదు. పీఎఫ్ డబ్బుకి ఫారం 20, పింఛనుకి 10డి, బీమాకి 5ఐఎఫ్, మూడూ కలిపి ఒకే దరఖాస్తుగా ఇవ్వొచ్చు. మాకు అడ్డం పడింది పేరు. ఆధార్‌లో ఒకలా, పీఎఫ్ ఖాతాలో ఇంకోలా ఉంది. దాన్ని సరిచేసి సంతకం పెట్టాల్సిన కాంట్రాక్టరు రేపు రమ్మనేవాడు. ఆ రేపు చాలాసార్లు వచ్చింది. చివరికి మా పాస్టర్ గారు కూడా వెంట వచ్చి, మాతోపాటు ఆ ఆఫీసు బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఒక్క పరుష మాట అనలేదు. సంతకం అయింది. కొన్ని నెలలకు డబ్బు వచ్చింది. పెద్దమ్మాయి ఇంటర్ మానకుండా ఉంది.

అప్పటి నుంచి ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో ఒక టేబుల్ వేస్తున్నాం. ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డులో పిల్లల పేర్లు లేనివాళ్లు, ఫోన్లో ముఖ హాజరు పడక జీతం కోత పడినవాళ్లు వస్తారు. మా సంఘం వాళ్లే రావాలని లేదు, అలా ఎప్పటికీ అనుకోకూడదు కూడా. తెల్లవారుజామున హాజరు వేయించుకోవడానికి ఒకే మస్టర్‌లో నిలబడేవాళ్లలో సింహాచలం అప్పన్నకు మొక్కే అమ్మ ఉంటుంది, దర్గాకు వెళ్లే తమ్ముడు ఉంటాడు. ఎవరైనా ప్రార్థన చేయమని అడిగితే చేస్తాం. అడగకపోతే కాగితం చూసి పంపిస్తాం. ఆపదలో ఉన్న మనిషి చేతిలో ఫారంతోపాటు కరపత్రం కూడా పెట్టడం నాకు సరైన పనిగా అనిపించదు.

ధర్నా విషయానికొస్తే, 2023లో రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికుల సమ్మె మొదలైంది డిసెంబరు 26న, అంటే క్రిస్మస్ మర్నాడు. సమాన పనికి సమాన వేతనం, కాంట్రాక్టు వాళ్లను పర్మినెంట్ చేయడం అనేవి ముఖ్యమైన డిమాండ్లు. ముందు రోజు కొత్త చీర కట్టుకుని గాయక బృందంలో పాడిన వాళ్లే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) గాంధీ విగ్రహం దగ్గర కూర్చున్నారు. చర్చిలో వాదన జరిగింది. ఒక పెద్దాయన రోమా పత్రిక 13వ అధ్యాయం చూపించి, అధికారులకు లోబడమన్నారు కదా అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ యాకోబు పత్రిక 5వ అధ్యాయం 4వ వచనం కూడా అదే బైబిల్లో ఉంది. పనివాళ్లకు ఇవ్వకుండా ఆపుకున్న కూలి మొర పెడుతుందని, ఆ కేక దేవుడి చెవిన పడుతుందని అక్కడ రాసి ఉంది. దేవుడు వింటున్న కేకను సంఘం వినకపోతే ఎలా? స్త్రీల సమాజం వాళ్లు పులిహోర, మజ్జిగ తీసుకెళ్లారు. ఆదివారం ఆరాధనలో సమ్మెలో ఉన్నవాళ్ల పేర్లు పలికి ప్రార్థన చేశాం.

అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ అంటే చాలామందికి 1963 వాషింగ్టన్ ప్రసంగమే గుర్తొస్తుంది. ఆయన ప్రాణం పోయింది మాత్రం పారిశుధ్య కార్మికుల కోసం వెళ్లిన ఊళ్లో. 1968 ఫిబ్రవరి 1న అమెరికాలోని మెంఫిస్‌లో వాన పడుతుంటే ఇద్దరు కార్మికులు చెత్త లారీ వెనక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం కదిలి వాళ్లను నలిపేసింది. ఫిబ్రవరి 12న దాదాపు 1,300 మంది నల్లజాతి కార్మికులు సమ్మెకు దిగారు. "నేనూ మనిషినే" అని అట్టల మీద రాసుకుని నడిచారు. వాళ్ల ఊరేగింపులు ఒక చర్చి నుంచే బయలుదేరేవి. కింగ్ వారి కోసం వచ్చి ఏప్రిల్ 4న హత్యకు గురయ్యాడు. ఏప్రిల్ 16న నగరపాలకులు యూనియన్‌ను గుర్తించి జీతాలు పెంచడానికి ఒప్పుకున్నారు. ఆ ఫలితం చూడటానికి ఆయన లేడు. ఆశ గురించి మీరు అడిగినప్పుడు నాకు ముందు తట్టింది ఈ పన్నెండు రోజులే.

మన దేశంలో లెక్క ఇంకా పొడుగు. కోలారు బంగారు గనుల ఊళ్లో పారిశుధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ గారికి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన ఉద్యమ సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించే కొత్త చట్టం 2013లో, తీర్పు 2014లో వచ్చాయి. మురుగు కాలవల్లో దిగి చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని అందులో ఉంది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టే దాన్ని 30 లక్షలకు పెంచింది. ఇన్ని జరిగినా మ్యాన్‌హోల్ చావులు ఆగలేదు, అది నిజం. కానీ ఇప్పుడు ఆ ఇంటి ఆడమనిషి దయ కోసం చేయి చాపాల్సిన పని లేదు, హక్కుగా అడగొచ్చు. నేను ఆశ అనేది దీన్నే. టీవీ చర్చల్లో అది కనబడదు.

ఒక్క విషయంలో మీ పెద్దల భయం సరైనదే. ఎన్నికలప్పుడు అభ్యర్థులు వచ్చి వేదిక ఎక్కి, తల మీద చేతులుంచి ప్రార్థన చేయించుకుని, ఫొటో దిగి వెళ్లిపోతారు. పార్టీ ఏదైనా సరే, దాన్ని ఒప్పుకోకండి. వాళ్లను వేదిక మీద కాకుండా బెంచీల్లో కూర్చోబెట్టి, ఈ వార్డులో జీతాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయని అడగండి. అలాగే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ అనే విభాగం కింద 1 శాతం రిజర్వేషనే దిక్కు. ఆ అన్యాయం మీద గట్టిగా మాట్లాడాల్సిందే. అయితే మనకు సంబంధించిన గొడవకు మాత్రమే నోరు విప్పే సంఘాన్ని ఊళ్లో ఎవరూ నమ్మరు, నమ్మనవసరం కూడా లేదు.

మీ చోట మొదలుపెట్టాలంటే ధర్నాతోనే మొదలుపెట్టక్కర్లేదు. సంఘంలో కాంట్రాక్టు పని చేసేవాళ్లను పీఎఫ్ నంబరు, నామినీ పేరు చూపించమని అడగండి. సగం మంది దగ్గర ఏదో ఒక తప్పు దొరుకుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలుకు ఇంకో 30 రోజులు గడువు ఉంటుంది. పెద్దల్లో ఒకరినైనా వెంట తీసుకెళ్లండి, వద్దన్న ఆయన్నే తీసుకెళ్తే మరీ మంచిది. మా రోమా పత్రిక పెద్దాయన ఇప్పుడు ఆ టేబుల్ దగ్గర ఫారాలు నింపుతున్నారు.