బోర్లా పడ్డాక దోగాడేదాకా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు నిండాయి. కూర్చోబెడితే ఎంతసేపైనా బొమ్మలతో ఆడుకుంటుంది. బోర్లా పడుకోబెడితే మాత్రం నిమిషంలో ఏడుపు. పాకడం ఇంకా మొదలుకాలేదు. వాకర్‌లో వేస్తే కాళ్లకు బలం వస్తుందంటున్నారు. వేయమంటారా?

జవాబు: వాకర్ వద్దండి. అందులో పాప ఒంటి బరువును మోసేది సీటు. పాప చేసేదల్లా కాలివేళ్లతో నేలను తన్నడమే. దోగాడటానికి పని చేయాల్సింది భుజాలు, నడుము, తుంటి. వాకర్‌లో ఆ మూడింటికీ పనే ఉండదు. పైగా మీరు తల తిప్పేలోగా మెట్ల దాకా వెళ్లిపోతుంది. ఈ ప్రమాదాల వల్లే కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్ని నిషేధించింది.

ముందు వయసు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లలను గమనించి 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం చేతులు, మోకాళ్ల మీద దోగాడటం 5.2 నెలలకూ 13.5 నెలలకూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురు పిల్లలు అలా దోగాడనే లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే పుట్టిన తేదీ నుంచి కాక, ప్రసవం కావలసిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. కాబట్టి ఎనిమిది నెలలకు పాకకపోవడం ఆలస్యం కాదు. చూడాల్సింది నెలలను కాదు, పాకడానికి ముందు రావాల్సినవి ఎంతవరకు వచ్చాయన్నది.

అవి బోర్లా ఉన్నప్పుడే వస్తాయి. మొదట మెడ నిలుస్తుంది. మూడు, నాలుగు నెలలకు మోచేతుల మీద ఛాతీ లేస్తుంది. ఐదారు నెలలకు మోచేతులు చాపి అరచేతుల మీద లేస్తారు. ఆ తర్వాతది చాలామంది గమనించరు గానీ అన్నిటికన్నా ముఖ్యం: బరువంతా ఒక చేతి మీద వేసి, రెండో చేతిని బొమ్మ కోసం చాపడం. పాకేటప్పుడు ప్రతి అడుగులోనూ జరిగేది ఇదే. ఒక చెయ్యి మోస్తేనే రెండోది కదులుతుంది. తర్వాత పొట్ట మీదే గడియారం ముల్లులా గుండ్రంగా తిరుగుతారు. మోకాళ్లు పొట్ట కిందికి తెచ్చుకుని ముందుకూ వెనక్కూ ఊగుతారు. చివరికి కుడి చెయ్యి, ఎడమ మోకాలు కలిసి కదలడం కుదురుతుంది.

మీ పాప ఎక్కడ ఆగిందో మీ ఉత్తరంలోనే ఉంది. కూర్చుంటే చేతులు ఖాళీ, బొమ్మలన్నీ ఎదురుగానే. కదలాల్సిన అవసరం లేదు. బోర్లా పడితే తలా ఛాతీ భుజాలే మోయాలి. అలవాటు లేని భుజాలు త్వరగా అలసిపోతాయి, అందుకే ఆ ఏడుపు. అది మొండితనం కాదు.

బోర్లా ఉంచే సమయాన్ని చిన్న చిన్న ముక్కలు చేయండి. డైపర్ మార్చిన ప్రతిసారీ రెండు నిమిషాలు చాలు. ఏడుపు అందుకోకముందే ఎత్తుకోండి. పాలు పట్టిన వెంటనే వద్దు, అరగంట ఆగండి. రోజు మొత్తం కలిపి అరగంటకు చేరాక ఇంకా పెంచుకుంటూ పోవచ్చు. ఇదంతా పాప మెలకువగా ఉండి, మీరు పక్కనే ఉన్నప్పుడు మాత్రమే. నిద్రకు ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి.

మొదట్లో చిన్న తువ్వాలును గట్టిగా చుట్టి ఛాతీ కింద, చంకలకు సరిగ్గా ఆనేలా పెట్టండి. మోచేతులు భుజాలకన్నా కొంచెం ముందుండాలి. చుట్ట పొట్ట కిందికి జారితే తల బరువెక్కి కిందికి వాలిపోతుంది. చాలా ఇళ్లలో ఇక్కడే పొరపాటు జరిగి, 'మా పిల్లకు ఇది పడదు' అని మానేస్తారు. బొమ్మను నేరుగా ఎదురుగా కాకుండా కాస్త పక్కకు, వేళ్లకు జానెడు దూరంలో, నేలకు కొంచెం ఎత్తులో పట్టుకోండి. అప్పుడే ఒక చెయ్యి లేపాల్సివస్తుంది. మరీ దూరం పెడితే ప్రయత్నమే మానేస్తుంది.

రెండోది, మీరు నేల మీద కాలు చాపి కూర్చుని, పాపను మీ తొడకు అడ్డంగా వేసుకోండి. అరచేతులు అటువైపు నేల మీద, మోకాళ్లు ఇటువైపు. పొట్ట బరువు మీ తొడ మోస్తుంది కాబట్టి చేతులకు కొంత బరువే పడుతుంది. అర నిమిషంతో మొదలుపెట్టండి. మోచేతులు మడతపడుతుంటే బరువు ఎక్కువైనట్టే, పాపను కాస్త వెనక్కి జరపండి.

మీ పాపకు బాగా ఉపయోగపడేది మూడోది: కూర్చున్న చోటి నుంచి దిగడం. బొమ్మను తుంటి పక్కన, కొంచెం వెనకగా పెట్టండి. రెండు చేతులూ అటువైపు ఆనించాక, రెండో వైపు తుంటిని మెల్లగా అటే తిప్పండి. తనంతట తానే చేతులు, మోకాళ్ల మీదికి వస్తుంది. చేతులు పట్టుకుని లాగకండి. పరుపు మీద చేయించకండి, అరచెయ్యి కుంగిపోతే నెట్టడానికి ఆధారం ఉండదు. గట్టి నేల మీద పలచటి చాప మేలు. సాక్సులు, పొడుగు ప్యాంటు జారిపోతాయి. మోకాళ్లు, పాదాలు బయట ఉండనివ్వండి.

ప్రశ్న: మా బాబుకు ఏడు నెలలు. ముందుకు రాబోయి వెనక్కి వెళ్లిపోతున్నాడు. బొమ్మ దూరమయ్యేసరికి ఏడుస్తాడు.

జవాబు: ఇది మామూలే. ఈ వయసులో కాళ్లకన్నా చేతుల బలం ముందుంటుంది. అరచేతులతో నేలను నెడితే ఒళ్లు వెనక్కే పోతుంది కదా. బాబు మోకాళ్లు మడిచినప్పుడు పాదాల వెనక మీ అరచేతులు గోడలా ఆనించండి. మీరు నెట్టకండి, తన్నాల్సింది వాడు. ఆ తన్నుకు ఒళ్లు ముందుకు జరగడం నాలుగైదుసార్లు తెలిస్తే కాళ్లను వాడటం మొదలుపెడతాడు.

ప్రశ్న: పది నెలల బాబు. పొట్ట మీద పాకుతాడు కానీ కుడి చెయ్యి, కుడి కాలు ఈడ్చినట్టుంటాయి. ఇదీ ఒక పద్ధతేనా?

జవాబు: పొట్ట మీద పాకడం, కూర్చునే పిరుదులతో జరగడం, ఒక మోకాలూ ఒక పాదమూ ఆనించి కదలడం అన్నీ పద్ధతులే. పిరుదులతో జరిగే పిల్లలు నడక కాస్త ఆలస్యంగా నేర్చుకుంటారు, కొన్ని కుటుంబాల్లో ఆ అలవాటు వరసగా కనిపిస్తుంది కూడా. కానీ ఎప్పుడూ ఒకే వైపు చెయ్యీ కాలూ వెనకబడటం పద్ధతి కాదు. దాన్ని పరీక్ష చేయించాల్సిందే.

కుడి పిడికిలి ఎక్కువసేపు మూసే ఉంటుందా, కుడివైపు పెట్టిన బొమ్మను కూడా ఎడమ చేత్తోనే తీసుకుంటాడా చూడండి. ఏడాది నిండకముందే ఒకే చెయ్యి వాడటం మంచి సూచన కాదు. డైపర్ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదంత విచ్చుకోకపోతే తుంటి కీలు చూపించాలి. రెండు నిమిషాల వీడియో తీసి ఈ వారంలోనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆసుపత్రిలో పిల్లలు బిక్కచచ్చి కదలరు, వీడియోలో అసలు తీరు కనిపిస్తుంది. తొమ్మిది నెలలు నిండినా సాయం లేకుండా కూర్చోలేకపోవడం, ఒళ్లు బిర్రుగా గానీ మరీ మెత్తగా గానీ ఉండటం, వచ్చిన పని మళ్లీ చేయలేకపోవడం ఏ బిడ్డలో కనిపించినా 'వాళ్లే సర్దుకుంటారు' అని ఆగకండి.

ప్రశ్న: మా పాప దోగాడకుండానే సోఫా పట్టుకుని నిలబడుతోంది. తర్వాత చదువులో వెనకబడుతుందని విన్నాను, నిజమేనా?

జవాబు: ఆ మాటకు గట్టి ఆధారం లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన ఎదుగుదల పట్టిక నుంచి దోగాడటాన్నే తీసేసింది. నిలబడనివ్వండి. అరచేతులకూ భుజాలకూ పని కావాలంటే నేల మీద దిండ్లు పేర్చి ఎక్కించండి, బల్ల కిందనుంచి దూరి రానివ్వండి. ఇప్పుడు మీరు కూడా ఒకసారి చేతులు, మోకాళ్ల మీద వంగి ఇల్లంతా చూడండి: పాప ఎత్తులో ఉన్న ప్లగ్గులు, వేలాడే వైర్లు, రిమోట్‌లోని బటన్ బ్యాటరీ, నీళ్లున్న బకెట్ ముందు తీసేయాల్సినవి.