సాహస పురస్కారం పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సామాన్య పౌరుల సాహసానికి ఏటా పురస్కారం ఇవ్వాలని తలపెట్టావని మీ అమ్మ చెప్పగానే నా ఛాతీ ఉప్పొంగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. పదకొండేళ్లు అలాంటి ఎంపిక సంఘంలో కూర్చున్నవాణ్ణి కదా.

నిబంధనలు రాసిపెట్టుకో. డబ్బు లెక్కలు విడిగా ఉంచు. ఎంపికలో బంధువుల మాట రానివ్వకు. ఇవి నీకు తెలిసినవే.

ఒక ఏడాది, చెరువులో మునిగిపోతున్న పాపను కాపాడిన యువకుడికి మేం పతకం ఇచ్చాం. పత్రికలో అతని పేరొక్కటే వచ్చింది. అక్కడికి వెళ్లి విచారిద్దామని ఒక సభ్యురాలు అంటే, సభ తేదీ దగ్గరపడిందని కాదన్నది నేనే. సభ ముగిశాక మెట్ల దగ్గర ఒక నడివయసు మనిషి నా ఎదుట నిలబడి, ఏమీ అనకుండా రెండు అరచేతులూ చాపాడు. తాడు ఒరుసుకుపోయిన చారలు, వాటి మీద ఇంకా గట్టిపడని లేత చర్మం. నడుముకు తాడు కట్టుకుని దూకినవాడు ఆ యువకుడైతే, జారే గట్టు మీద కాళ్లు తన్నిపెట్టి ఇద్దరినీ ఒడ్డుకు లాగినవాడు ఇతను. "పతకం కోసం రాలేదండీ. నేను అక్కడ లేనే లేనని మా వీధిలో అంటున్నారు" అన్నాడు. మా ప్రశంసాపత్రంలో "ఒంటరిగా" అన్న మాట ఉంది. వాక్యం నిండుగా ఉంటుందని దాన్ని చేర్చింది నేనే. మరుసటి ఏడు అతనికీ పతకం ఇచ్చాం, కానీ అప్పటికే ఆ ఇద్దరికీ మాటలు లేవు.

అందుకే విచారణకు మనిషిని పంపనిదే ఎవరి పేరూ ఖరారు చేయకు. సాహసం ఒక్కరిదే కానక్కరలేదు; 1940లో బ్రిటన్ నెలకొల్పిన జార్జ్ క్రాస్ అనే సాహస పతకాన్ని 1942లో మాల్టా దీవి మొత్తానికి ఇచ్చారు.

పతకాలు పెట్టినంత మాత్రాన ధైర్యం పుట్టుకొస్తుందా అని అడిగేవాళ్లుంటారు. రాదు. 1904లో అమెరికాలోని హార్విక్ బొగ్గుగని పేలుడులో, లోపలివారిని కాపాడబోయి ఇద్దరు చనిపోయాక, యాభై లక్షల డాలర్లతో సాహసవీరుల నిధి నెలకొల్పిన ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కూడా ఆ ఆశ తనకు లేదనే రాశాడు. సాహసం అప్పటికప్పుడు పుట్టే ఉద్వేగమని, అలా తెగించి గాయపడినవాడూ అతని మీద ఆధారపడినవారూ డబ్బుకు ఇబ్బంది పడకూడదన్నదే తన ఉద్దేశమని చెప్పాడు. శాలువా ఖర్చు తగ్గించి, విరిగిన కాలితో పనికి పోలేనివాడి ఇంటికి ఆ డబ్బు పంపు.

నా అసలు భయం పిల్లల గురించి. తొమ్మిదేళ్లప్పుడు కుక్కపిల్ల కోసం బావిలోకి వేలాడిన నిన్ను చొక్కా పట్టి లాగి రెండు దెబ్బలు వేశాను. ఇంటిల్లిపాదీ నీ ధైర్యాన్ని పొగుడుతుంటే, నేను పెరట్లోకి వెళ్లి చేతుల వణుకు తగ్గేదాకా కూర్చున్నాను. ఈత రాని పిల్లవాడు వేదిక మీద దూకినవాణ్ణే చూస్తే దూకడమే నేర్చుకుంటాడు. కేక వేసి పెద్దలను పిలిచినవాడికీ, దుంగ విసిరినవాడికీ ఆ వేదిక మీద చోటివ్వు.

మొదటి ప్రశంసాపత్రం అచ్చుకు ఇచ్చే ముందు నాకు పంపించు. కళ్లజోడు మార్పించుకున్నాను, చిన్న అక్షరాలైనా చదవగలను.

మామయ్య