పాఠకుల ప్రశ్నలు: గంటస్తంభానికి కోరిన రంగు

ప్రశ్న: మా ఊరి గంటస్తంభాన్ని బొమ్మగా గీసి, విండోస్ తెర మీద గడియారం, వాతావరణం వంటివి చూపే రెయిన్‌మీటర్ ప్రోగ్రాంలో డెస్క్‌టాప్ గడియారంగా అమర్చాను. నేను గోడలకు ఇటుక ఎరుపు వేశాను. మిత్రుల్లో ఒకరు నీలం, ఒకరు పసుపు అడుగుతున్నారు. ఎవరి రంగు వారే మార్చుకొనేలా, బొమ్మకు రంగు పట్టించే ‘ఇమేజ్‌టింట్’ అమరిక వాడితే, లేత నీలం ఇచ్చినా మసిబారిన రంగే వస్తోంది. పైగా గడియారం ముఖం కూడా మారిపోతోంది. మార్గం చెప్పగలరు.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఊరి గుర్తును తెర మీదకు తెచ్చుకోవాలన్న మీ ఆలోచన చాలా బాగుంది. ఇక సమస్యకు కారణం మీ బొమ్మలోనే ఉన్న ఎరుపు. ఇమేజ్‌టింట్ పాత రంగును చెరిపి కొత్తది పూయదు; బొమ్మలోని ప్రతి చుక్కకూ ఉన్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను (ఒక్కోటి 0 నుంచి 255 వరకు) మీరిచ్చిన రంగు విలువలతో విడివిడిగా గుణించి 255తో భాగిస్తుంది. మీ గోడ 170, 60, 40 అనుకొందాం. దానికి 80, 160, 255 అనే లేత నీలం ఇస్తే వచ్చేది సుమారు 53, 38, 40, అంటే దాదాపు నలుపు. అదే గోడ తెల్లగా, అంటే మూడు విలువలూ 255గా ఉంటే, ఇచ్చిన రంగు ఇచ్చినట్టే వస్తుంది. పొందూరు తెల్ల ఖద్దరుకు ఏ రంగైనా అద్దవచ్చు గానీ, ముందే ఎర్రగా అద్దిన బట్టను నీలంలో ముంచితే నీలం తేలదు కదా!

అందుచేత, ఆకారాన్ని రంగు నుంచి వేరు చేయండి. గింప్ వంటి చిత్రకార్యక్రమంలో ఒక పొరను పూర్తిగా తెలుపుతో నింపి, దానికి లేయర్ మాస్క్ తగిలించి, గోడల ఆకారాన్ని ఆ మాస్కులోనే గీయండి. మాస్కులో తెల్లగా ఉన్నచోట గోడ కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట పారదర్శకమవుతుంది, బూడిద రంగు ఉన్నచోట ఆ మేరకు పలచబడుతుంది. ఇలా చేస్తే అంచుల్లో సగం పారదర్శకంగా ఉండే చుక్కల్లోనూ తెలుపే ఉంటుంది కాబట్టి, రంగు వేశాక గోడ చుట్టూ పాత ఎరుపు గీతగా మిగలదు. కొత్తగా స్కిన్లు (మీ గడియారం వంటి రెయిన్‌మీటర్ అమరికలు) చేసేవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆ గీతే. దీన్ని పీఎన్‌జీగా దాచండి. జేపెగ్‌లో పారదర్శకత నిలవదు.

గోడలకు నీడలు కావాలంటే తెల్లని పొరలోనే బూడిద రంగుతో వేయవచ్చు. 128 విలువ గల బూడిద మీద 255, 153, 51 అనే కాషాయం వేస్తే సుమారు 128, 77, 26 వస్తుంది. అంటే అదే కాషాయానికి సగం వెలుగు. రెయిన్‌మీటర్‌లో బొమ్మను బూడిదగా మార్చే ‘గ్రేస్కేల్’ విలువను 1 చేసి పాత ఎర్ర బొమ్మనే వాడవచ్చని కొందరు చెబుతారు. అది సగం మందు మాత్రమే, ఎందుకంటే మీ ఇటుక ఎరుపు బూడిదగా మారితే 91 దగ్గరే ఆగుతుంది, దాని మీద ఎంత ప్రకాశమైన రంగు వేసినా వెలవెలబోతుంది. పాత బొమ్మనే వాడక తప్పకపోతే, ముందు దాన్ని బూడిదగా మార్చి, గింప్‌లో వెలుగునీడలు సరిదిద్దే ‘లెవెల్స్’లో అతి వెలుగైన చోటును 255కు తెచ్చి, ఆ తర్వాత వాడండి.

గడియారం ముఖం, అంకెలు, కిటికీల గీతలు రంగు మారకూడనివి. వాటిని రెండో పీఎన్‌జీగా విడదీయండి. రెండు బొమ్మల కాన్వాసు కొలత ఒక్కటే అయితే రెండింటికీ ఒకే ఎక్స్, వై స్థానాలు సరిపోతాయి. స్కిన్ వివరాలు రాసే ఐఎన్‌ఐ ఫైలులో గోడల మీటరును (తెర మీద ఒక్కో భాగాన్ని చూపే విభాగాన్ని మీటరు అంటారు) ముందు, ముఖం మీటరును తర్వాత రాయండి. తర్వాత రాసినది పైన కనిపిస్తుంది. ఇమేజ్‌టింట్ మొదటి దానికే ఇవ్వండి. గడియారం ముళ్లు ముఖం తర్వాత రావాలి.

రంగు విలువను మీటరులో నేరుగా రాయకండి. ‘వేరియబుల్స్’ విభాగంలో గోడరంగుకు ఒక పేరు పెట్టి, ఇమేజ్‌టింట్ దగ్గర ఆ పేరును రెండు హాష్ (#) గుర్తుల మధ్య వేస్తే, మీ మిత్రులు ఆ ఒక్క వరుస మార్చుకొంటే చాలు.

ప్రశ్న: గడియారం, వాతావరణం, బ్యాటరీ అని నావి మూడు స్కిన్లున్నాయి. రంగు మార్చాలంటే మూడు ఫైళ్లూ తెరవాలా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అవసరం లేదండి. మూడు స్కిన్లూ ఒకే మూల ఫోల్డరు కింద ఉంటే, అందులోని ‘ఎట్ రిసోర్సెస్’ (@Resources) ఫోల్డరులో వేరియబుల్స్ కోసం విడిగా ఒక ఫైలు పెట్టి, ప్రతి స్కిన్‌లోనూ ‘ఎట్ ఇన్‌క్లూడ్’ (@Include)తో దాన్ని పిలవండి. రంగు ఆ ఫైలులో మార్చి, రెయిన్‌మీటర్ మెనూలో ‘రిఫ్రెష్ ఆల్’ నొక్కితే మూడూ ఒకేసారి మారతాయి.