కుక్కపిల్లకి మావయ్యగారి పేరు

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఫ్లాట్. అత్తయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. పది రోజుల క్రితం మా ఆయన రెండు నెలల లాబ్రడార్ పిల్లని తెచ్చి, ఎవర్నీ అడక్కుండా ఆ పూటే ‘రాజా’ అని పేరు పెట్టేశారు. పోయిన మా మావయ్యగారిని ఊళ్ళో అందరూ పిలిచిన పేరు అదే. తనకి తట్టలేదంటారు. అత్తయ్య ఒక్క మాటా అనలేదు గానీ హాల్లోకి రావడం మానేశారు, భోజనం కూడా గదిలోనే. ఈయనేమో ‘వీధికో రాజా ఉంటాడు, అయినా కుక్క కాలభైరవుడి వాహనమే కదా, అమ్మకి చాదస్తం’ అంటున్నారు. పాప లూనా అందాం అంటుంది, బాబుకి బంటీ కావాలి. అది ఎదురు ఫ్లాట్ పిల్లాడి ముద్దుపేరు. పొద్దున లేచి ఉచ్చ తుడవడం, దానికి తిండి పెట్టడం, మధ్యలో ఈ గొడవలు, నాకు పిచ్చెక్కుతోంది. నేను ఎవరి వైపు మాట్లాడాలి?

జవాబు: ముందు ఆ పేరు మార్చేయండి. మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మీ ఆయన కావాలని పెట్టలేదు, ఒప్పుకుందాం. కానీ చాదస్తం అని కొట్టిపారేసే ముందు ఒక్క ఆదివారం ఇంట్లో కూర్చుని ఏం వినిపిస్తోందో వినమనండి. ‘రాజా, సోఫా దిగు’, ‘ఛీ రాజా, మళ్ళీ పోశావా’, ‘రాజాని బాల్కనీలో కట్టెయ్యండిరా, నాకు ఫోన్ వచ్చింది’. అత్తయ్యగారి తరంలో చాలామంది ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకలేదు, ఆఫీసుల్లో అడిగితే పక్కనున్న పిల్లల చేత చెప్పించేవారు. మనవడికి తాతగారి పేరు పెట్టుకున్న ఇళ్ళలో కూడా, ఆ పేరుతో పిల్లాణ్ణి తిట్టలేక కోడలు వాణ్ణి నానీ అనో చిన్నా అనో పిలుచుకుంటుంది, మీకూ తెలిసిన సంగతే. ఇప్పుడు ఆవిడ ఆ కుక్కపిల్లని ముద్దుచేయాలన్నా, చెప్పు కొరికితే కసరాలన్నా ఆ పేరే పలకాలి. అది నోట రాక గదిలో ఉండిపోతున్నారేమో. మీరెవరూ వెళ్ళి అడిగినట్టు కూడా లేదు మరి.

ఇక కాలభైరవుడు. ఆ వాహనం సంగతీ, ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్క సంగతీ ఆవిడకి మీ ఆయనకంటే బాగానే తెలిసుంటాయి. (అంత దూరం నడిచిన ఆ కుక్కకి భారతంలో పేరే లేదు, అది వేరే విషయం.) పురాణం చెప్పి గెలవాలని చూస్తే ఆవిడ గది తలుపు ఇంకాస్త గట్టిగా పడుతుంది, అంతే.

కాబట్టి ఈ మాట మీరు చెప్పాల్సింది మీ ఆయనకి, అదీ పిల్లలు పడుకున్నాక, అత్తయ్యగారి చెవిన పడకుండా. ఆ తర్వాత ఆయనే వెళ్ళి వాళ్ళమ్మకి చెప్పాలి. మీరు మధ్యలో రాయబారం మోయకండి, రేపు ఏ మాట తేడా వచ్చినా కోడలే ఎక్కించిందంటారు. ఆయన పెద్దగా చెప్పాల్సింది కూడా ఏమీ లేదు: ‘అమ్మా, నాకు తట్టలేదు, పేరు మార్చేస్తున్నాం, నువ్వూ ఒకటి చెప్పు.’ ‘నీకు బాధేస్తే మారుస్తాంలే’ అని మాత్రం అనొద్దనండి, అలా అంటే మళ్ళీ భారం ఆవిడ నెత్తిన పెట్టినట్టే. పిల్లల దగ్గర కూడా ‘నానమ్మకి నచ్చలేదని మార్చాం’ అనకండి. వాళ్ళు పదిమందికీ చెబుతారు. నాన్న పొరపాటున తాతయ్య పేరు పెట్టేశాడు అని ఉన్నదున్నట్టు చెబితే సరిపోతుంది.

బాబుకి నచ్చజెప్పడం తేలిక. రేపు లిఫ్ట్‌లో ఎదురింటావిడ, వాళ్ళ బంటీ ఉండగా మీ కుక్కపిల్ల ఆవిడ చీర కొంగు పట్టుకుంటే ‘బంటీ, ఛీ, వదులు’ అని అరవాల్సింది వాడే. ఇది చెబితే నానమ్మ బాధేమిటో కూడా వాడికి అర్థమవుతుంది. పాప చెప్పిన లూనా నాకు బాగానే ఉంది, అత్తయ్యగారికి పాత మోపెడ్ గుర్తొస్తుందేమో గానీ కనీసం నోరు తిరుగుతుంది. ఇంట్లో అందరికీ నోరు తిరగాలి, అది ముఖ్యం, ఎందుకంటే ఒకరు ఒకలా ఇంకొకరు ఇంకోలా పిలిస్తే అది దేనికీ పలకదు. రెండు అక్షరాల పేరైతే హాయి. ‘నో’, ‘సిట్’ లాంటి మాటలకి దగ్గరగా వినిపించేవి వద్దు, జోజో అని పెట్టి పొద్దస్తమానం నో అంటుంటే దానికి ఏది పిలుపో ఏది తిట్టో తెలియదు.

ఇంకోటి. మీ ఉత్తరంలో ఆయన పెట్టిన పేరుంది, పిల్లల పేర్లున్నాయి, మీకు ఏ పేరు ఇష్టమో ఎక్కడా లేదు. పొద్దున్నే లేచి తుడిచేది మీరు, తిండి పెట్టేది మీరు, రోజుకి ఎక్కువసార్లు దాన్ని పిలవబోయేది కూడా మీరే, నిజం చెప్పాలంటే ఆఖరి మాట మీదే అవ్వాలి. అందరూ తలా ఒక పేరు చెప్పండి, అత్తయ్యగారితో సహా, వాటిలో మీకు పిలవబుద్ధయ్యేది మీరు ఖాయం చేయండి. అదే ఊపులో తుడిచే పని కూడా పంచేయండి. కుక్కపిల్లని తెచ్చినాయన ఒక్క పూటైనా గుడ్డ పట్టుకోవాలి కదా.

పేరు మారితే దానికి ఇబ్బందేమీ ఉండదు. రెండు నెలల పిల్ల, పది రోజుల అలవాటు. కొత్త పేరు ఒక్కసారే పిలవండి, తల తిప్పి చూడగానే ఉప్పూ కారం వేయని ఉడికించిన చికెన్ ముక్క చిన్నది ఇవ్వండి. నీచు వద్దనుకుంటే క్యారెట్ ముక్క. రోజూ నాలుగైదుసార్లు చేస్తే కొద్దిరోజుల్లోనే పలుకుతుంది. పలక్కపోతే పదిసార్లు అరవొద్దు, తిట్టడానికి దాని పేరు వాడనే వద్దు, పిలుపంటే భయం పట్టుకుంటుంది. అత్తయ్యగారు ఇష్టపడితే ఈ ముక్కలు పెట్టే పని ఆవిడకే ఇవ్వండి, బలవంతం మాత్రం వద్దు. అయితే ప్రేమకొద్దీ ప్రసాదంలో కిస్మిస్ పెట్టేస్తారు చూడండి, అది కుక్కలకి విషం, ద్రాక్ష కూడా అంతే. చాక్లెట్, ఉల్లిపాయ కూడా పెట్టకూడదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

టీకా కార్డు మీద ఇప్పటికే రాజా అని రాయించి ఉంటే తర్వాతి డోసుకి వెళ్ళినప్పుడు మార్పించుకోండి, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకి వెళ్ళినా, మీ దగ్గర క్లినిక్‌కి వెళ్ళినా అదేం పెద్ద పని కాదు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. దాన్ని ఆ తర్వాత కూడా డాక్టరు చెప్పిన ప్రకారం వేయిస్తూ ఉండాలి. పెంపుడు కుక్కకి మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్సు తీసుకోవాలి, దానికి ఈ రేబిస్ టీకా సర్టిఫికెట్ కావాలి. అంటే కొత్త పేరు ఖాయం చేయడానికి మీ చేతిలో ఇంకో రెండు మూడు వారాలున్నాయి. మీ ఆయనతో మాత్రం ఈ రాత్రే మాట్లాడండి.